బడి లక్ష్యం ఎవరు రాయాలి?

జూన్ 12న బళ్ళు తెరిచారు. బదిలీ మీద ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు కొత్తగా వచ్చిన హెడ్‌మిస్ట్రెస్ మొదటి స్టాఫ్ మీటింగులోనే ఒక ప్రతిపాదన పెట్టారు. ఈ బడికి వచ్చిన పిల్లలకు మనం ఏం చేసి పంపాలో సిబ్బంది అంతా కూర్చుని తేల్చుకుందాం, తేల్చుకున్నదానికి అందరం కట్టుబడదాం అన్నారు. ముప్పై ఏళ్ళ సర్వీసున్న లెక్కల మాస్టారు అభ్యంతరం చెప్పారు. మీటింగు ముగిసినా వారిద్దరి వాదం ముగియలేదు. మన ప్రభుత్వ బడులన్నిటికీ చెందిన వాదం ఇది. అందుకే ఇద్దరి మాటా పూర్తిగా వినాలి.

మాస్టారు: అందరి ముందూ కాదనడం బాగుండదని మీటింగులో సగంలో ఆగాను మేడమ్. మిగిలింది ఇప్పుడు చెబుతాను. హెడ్‌మాస్టరు మారినప్పుడల్లా బడికి ఒక కొత్త ఆశయం వస్తుంది. నినాదం తయారవుతుంది, ప్రహరీ గోడ మీద రంగుల్లో రాయిస్తారు, ఫోటో తీసి గ్రూపులో పెడతారు. ఆయన వెళ్ళిపోగానే ఆ రంగు మీద ఇంకొకరి రంగు పడుతుంది. ఈలోగా పాఠం చెప్పేవాళ్ళు చెబుతూనే ఉంటారు, ఎగ్గొట్టేవాళ్ళు ఎగ్గొడుతూనే ఉంటారు. పిల్లలకు కావలసింది వేళకు క్లాసులో ఉండి, తనకు తెలిసిన పాఠాన్ని వాళ్ళకు తెలిసేటట్టు చెప్పే టీచరు. అలాంటివాళ్ళు పదిమంది ఉంటే బడి దానంతట అదే బాగుపడుతుంది.

హెడ్‌మిస్ట్రెస్: గోడ మీద రాయించే ఉద్దేశం నాకు లేదు మాస్టారూ. మీ పాఠం మీద నాకు అనుమానమూ లేదు. దానంతట అదే బాగుపడుతుందన్నారు కదా, నా అనుమానమంతా ఆ మాట మీదే. ఒకటి అడుగుతాను. మన ఆరో తరగతికి వచ్చేవాళ్ళలో తెలుగు వాక్యం తడుముకోకుండా చదవలేని పిల్లలు ఉన్నారా?

మాస్టారు: ప్రతి ఏడూ ఉంటారు. పదో తరగతికి వచ్చేసరికి కూడా కొందరు అలాగే ఉంటారు. అంకెలు వేసి లెక్క ఇస్తే చేస్తారు. అదే లెక్కను నాలుగు వాక్యాల్లో ఇస్తే పెన్ను కింద పెట్టేస్తారు. వాళ్ళకు రానిది లెక్క కాదు, చదవడం.

హెడ్‌మిస్ట్రెస్: వాళ్ళకు చదవడం నేర్పే బాధ్యత ఎవరిది?

మాస్టారు: ప్రాథమిక పాఠశాలది.

హెడ్‌మిస్ట్రెస్: అది దాటి వచ్చేశారు. ఇప్పుడు ఎవరిది? తెలుగు టీచరు తన సిలబస్ తనకుందంటారు, అది నిజం. మీకు లెక్కల సిలబస్ ఉంది, అదీ నిజం. సైన్సు, సోషల్ కూడా అంతే. ఎవరి పాఠం వాళ్ళు శ్రద్ధగా చెప్పే ఇదే బడిలో ఆ పిల్లవాడు ఐదేళ్ళు కూర్చుని, చదవడం రాకుండానే బయటికి పోతున్నాడు. 2022 ఏసర్ సర్వే గ్రామీణ భారతంలో చూసింది ఇదే. ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 42.8 శాతం. మిగతావాళ్ళంతా ఏదో ఒక ఉన్నత పాఠశాలకు చేరతారు. వాళ్ళ పేరు ఏ టీచరు టైంటేబుల్‌లోనూ ఉండదు. ఎవరి పని వాళ్ళం చేసుకుంటూనే అందరం కలిసి వదిలేస్తున్న పని ఇది. విడివిడిగా ఎంత మంచి టీచర్లమైనా ఇలాంటి పని ఒకరి వల్ల కాదు. ఉమ్మడి లక్ష్యం కావాలని నేను అడుగుతున్నది ఇందుకే.

మాస్టారు: జబ్బు మీరు సరిగ్గానే పట్టుకున్నారు. మందు దగ్గరే నాకు పేచీ. చదవలేని పిల్లలకు చదువు నేర్పాలంటే మనుషులు కావాలి, సమయం కావాలి. ఖాళీ పోస్టులు ఎప్పటికి నిండుతాయో చెప్పేవాళ్ళు లేరు. 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ఏమంటుంది? జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప టీచర్లకు ఇంకే బయటి పనీ చెప్పకూడదంటుంది. మరి జరిగిందేమిటి? 2022 ఆగస్టు నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో ముఖం చూపించి హాజరు వేయమన్నారు, అదీ మన సొంత ఫోన్లలో. మరుగుదొడ్ల ఫోటోలు యాప్‌లో పెట్టించారు. గుడ్ల లెక్క, బియ్యం లెక్క, బూట్ల సైజులు, అన్నీ టీచరే. ఇవన్నీ అలాగే ఉంచి ‘బడి సంస్కృతి’ అంటే నాకు భయం వేస్తుంది. పైన చేయాల్సిన పనిని కిందివాళ్ళ మనసుల మీదికి తోయడానికి ఆ మాట బాగా పనికొస్తుంది. పోస్టు నింపరు, మీలో స్ఫూర్తి కొరవడిందంటారు.

హెడ్‌మిస్ట్రెస్: ఆ భయం న్యాయమైనదే. ఖాళీల సంగతి పక్కన పెట్టమని నేను అడగను. కానీ ఒకే మండలంలో, అవే ఖాళీలతో, అవే యాప్‌లతో నడిచే రెండు బడులు వేరువేరుగా ఎందుకుంటాయి? ఒక బడి గేటు దగ్గర నిలబడితేనే తెలిసిపోతుంది, అక్కడ పిల్లలు చదువుకుంటున్నారని. ఇంకో బడిలో బెల్లు కొట్టిన పావుగంటకు కూడా వరండాలు ఖాళీ కావు. ఈ తేడాను మైకేల్ రట్టర్ అనే మానసిక వైద్యుడు తన బృందంతో కలిసి లండన్ లోపలి ప్రాంతాల్లో 12 ఉన్నత పాఠశాలల్లో పరిశీలించారు. ‘ఫిఫ్టీన్ థౌజండ్ అవర్స్’ పేరుతో 1979లో ఆ పరిశీలన పుస్తకంగా వచ్చింది. ఒక పిల్లవాడు చదువు ముగిసేలోగా బడిలో గడిపే గంటలు సుమారుగా అన్ని. హాజరు, ప్రవర్తన, పరీక్షా ఫలితాలు బడికీ బడికీ చాలా తేడాగా ఉన్నాయి. చేరేటప్పటికే పిల్లల మధ్య ఉన్న తేడాలను లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పోలేదు. బడి పెద్దదా చిన్నదా, కట్టడం పాతదా కొత్తదా అన్నదానితో దానికి సంబంధం కనబడలేదు.

మాస్టారు: మరి దేనితో కనబడింది?

హెడ్‌మిస్ట్రెస్: చాలా మామూలు విషయాలతో. టీచర్లు పాఠం వేళకు మొదలుపెడుతున్నారా? ఇంటిపని ఇచ్చి చూస్తున్నారా? పిల్లలు చేసిన పని గోడలకు పెడుతున్నారా? బాధ్యతలు పిల్లలకు అప్పగిస్తున్నారా? టీచర్లు కలిసి పాఠాలు ప్రణాళిక వేసుకుంటున్నారా? క్రమశిక్షణ విషయంలో బడి అంతటికీ ఒక మాట ఉందా, లేక ఎవరి ఇష్టం వారిదా? వీటిలో ఏదీ ఒక్కటే బడిని మార్చదు. అన్నీ కలిసి బడికి ఒక స్వభావాన్ని ఇస్తాయని వాళ్ళు తేల్చారు.

మాస్టారు: లండన్ బళ్ళకు మన కష్టాలు తెలియవు. అయినా క్రమశిక్షణ గురించి అన్న మాట మాత్రం నాకు తగిలింది. నేను బెత్తం పట్టుకోను. పక్క గదిలో పట్టుకుంటారు. అక్కడ పీరియడంతా చేతులు కట్టుకుని కూర్చున్న పిల్లలు నా గదికి వచ్చి ఆ బిగువంతా వదులుకుంటారు. ఆ గోల విని ‘మాస్టారికి క్లాసు అదుపు లేదు’ అంటారు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మనసు నొప్పించడాన్నీ కూడా నిషేధించింది. అయినా ఏ స్టాఫ్ మీటింగులోనూ దాని మీద చర్చ జరగలేదు.

హెడ్‌మిస్ట్రెస్: మీరు చెప్పింది నా పక్షానికే బలం మాస్టారూ. కొట్టకూడదన్న మీ నిర్ణయం మంచిది. కానీ అది మీ ఒక్కరిదే కావడం వల్ల మీ గదిలోనే ఓడిపోతోంది. ఇక్కడ కొడతారు, అక్కడ కొట్టరు అని పిల్లలు లెక్క వేసుకుంటున్నారంటే, ఒక మనిషిని గౌరవించడం గదిని బట్టి మారుతుందని మనమే వాళ్ళకు నేర్పుతున్నాం.

మాస్టారు: అయినా అందరినీ ఒకే మూసలో పోయడం నాకు నచ్చదు. గిజుభాయి బధేకా 1932లో గుజరాతీలో రాసిన ‘దివాస్వప్న’, తెలుగులో ‘పగటి కల’గా వచ్చింది, మీరూ చదివే ఉంటారు. అందులో టీచరు ఒక్కడే. నాలుగో తరగతి తీసుకుని, కథలతో, ఆటలతో ఏడాది నడిపించి చూపిస్తాడు. తోటి టీచర్లందరి ఒప్పుదల కోసం కూర్చుని ఉంటే ఆ ప్రయోగం మొదలయ్యేదే కాదు. మంచి పని ఎప్పుడూ ఒకరి గదిలోనే పుడుతుంది. ఉమ్మడి లక్ష్యం పేరుతో ఆ ఒక్కరి చేతులు కట్టేస్తే?

హెడ్‌మిస్ట్రెస్: పుట్టడం ఒకరి గదిలోనే, నిజం. బతకడం మాత్రం బడి అంతటా. ఆ పిల్లలు మరుసటి ఏడు ఐదో తరగతిలో ఎవరి చేతికి వెళ్ళారన్నదే ఆ పుస్తకం చదివినప్పుడల్లా నన్ను వేధించే ప్రశ్న. ఆ గది నుంచి ఇంకో గదికి ఆ పద్ధతి నడిచి వెళ్ళే దారి బడిలో ఉండాలి. జపాన్‌లో అలాంటి దారి ఒకటుంది. నలుగురైదుగురు టీచర్లు కలిసి ఒక పాఠం తయారు చేస్తారు. ఒకరు చెబుతారు, మిగతావాళ్ళు గదిలో నిలబడి పిల్లలను గమనిస్తారు. తర్వాత కూర్చుని పాఠం గురించి మాట్లాడతారు. చెప్పిన మనిషి మీద తీర్పు ఇవ్వరు. పిల్లలు ఎక్కడ తడబడి ఆగిపోయారో, ఎక్కడ అందుకున్నారో చూస్తారు. దాంతో ఎవరి చేతులూ కట్టబడవు, ఒకరి నేర్పు పదిమందిదవుతుంది.

మాస్టారు: మన దగ్గర ఎవరైనా వచ్చి వెనక బెంచీలో కూర్చుంటే తనిఖీ అనుకుంటాం. పాఠం ఆగిపోతుంది, ప్రదర్శన మొదలవుతుంది.

హెడ్‌మిస్ట్రెస్: ఎందుకంటే తప్పు వెతకడానికి తప్ప ఎవరూ మన గదికి రాలేదు. కొఠారి కమిషన్ 1964–66లో స్కూల్ కాంప్లెక్సులు సూచించింది, బళ్ళు ఒంటరిగా ఉండకూడదని, ఉన్నత పాఠశాల, చుట్టుపక్కల చిన్న బళ్ళు కలిసి పనిచేయాలని. ఇప్పుడు కాంప్లెక్స్ మీటింగులు జరుగుతూనే ఉన్నాయి. కానీ నా పాఠం ఇక్కడ తెగింది, ఎలా చెప్పాలి అని పదిమందిలో అడిగే ధైర్యం ఎంతమందికి ఉంది? ఆ ధైర్యం ఉన్న చోటే బడి మంచి దారిలో ఉందంటాను.

మాస్టారు: ఇంకో అనుమానం. ఉమ్మడి లక్ష్యం మంచిదే అయ్యుండాలని ఎక్కడుంది? మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అన్నిటికంటే గట్టి ఉమ్మడి లక్ష్యం ఉన్న చోటు ఏదో తెలుసా? కార్పొరేట్ కాలేజీలు. లెక్చరర్లకూ, వార్డెన్లకూ, ప్రిన్సిపాలుకూ అక్కడ ఒకటే ధ్యేయం, ర్యాంకు. అందరూ ఒకే తాటి మీద నడుస్తారు. రాత్రి స్టడీ అవర్ దాకా ఒక్క నిమిషం వృథా పోదు. పిల్లలేమవుతున్నారో మనకు తెలుసు. కాబట్టి కలిసికట్టుగా ఉండటమే గొప్ప అనుకోవడానికి నేను సిద్ధంగా లేను.

హెడ్‌మిస్ట్రెస్: ఇంతసేపట్లో మీరన్న అన్ని మాటల్లోకీ ఇది బరువైనది. నేను కూడా కలిసికట్టుతనం కోసమే కలిసికట్టుతనాన్ని అడగడం లేదు. ఆ కాలేజీల లక్ష్యాన్ని రాసినవాళ్ళు ఎవరు? యాజమాన్యం. పాఠం చెప్పేవాళ్ళకు అందులో మాట లేదు, చదువుకునేవాళ్ళకు అసలే లేదు. ర్యాంకు రాని పిల్లవాడికి ఆ లక్ష్యంలో చోటే లేదు. నా దృష్టిలో లక్ష్యం మంచిదో కాదో తెలుసుకోవడానికి రెండు ప్రశ్నలు చాలు. అందరికంటే వెనకబడ్డ పిల్లకు అందులో చోటుందా? దాన్ని కాదనే టీచరుకు నోరు తెరిచే వీలుందా? రెండింటికీ అవునంటేనే అది బడి లక్ష్యం. లేకపోతే అది కంపెనీ టార్గెట్.

మాస్టారు: ఆ రెండూ ఉన్న బడిని మన నేల మీద చూపించండి, వింటాను.

హెడ్‌మిస్ట్రెస్: పూర్తిగా ఉన్న బడి అని ఏ ఒక్కదాన్నీ చూపించను. దారి చూపిన బడి ఒకటుంది. 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల మొదలైంది. ఉమ్మడి రాష్ట్రంలో అదే మొదటిది. కోస్తాలో తాడికొండ, సీమలో కొడిగెనహళ్ళి తర్వాత వచ్చాయి. పల్లెల పేద పిల్లలకు మంచి చదువు అందించాలన్నది వాటి ఉద్దేశం. తరగతి గది, ఆటస్థలం, భోజనశాల, రాత్రి చదువు వేర్వేరు లోకాలు కాలేదు. ఎన్ని ప్రభుత్వాలు మారినా ఆ నమూనా పెరుగుతూ వచ్చింది. ఇవాళ రెండు రాష్ట్రాల్లో ఇన్ని గురుకులాలు ఉన్నాయంటే ఆ మొదటి బళ్ళ పుణ్యమే.

మాస్టారు: వాటికి ప్రవేశ పరీక్ష ఉంది. మనకు లేదు, ఉండకూడదు కూడా. ఎవరు వచ్చినా చేర్చుకోవడమే మన గొప్పతనం. ఏరి తెచ్చుకున్న పిల్లలతో వచ్చిన ఫలితాన్ని మన ముందు కొలబద్దగా పెట్టకండి.

హెడ్‌మిస్ట్రెస్: పెట్టను. ఫలితాలకు కాదు, పెద్దవాళ్ళు పిల్లల బాధ్యతను ఎలా పంచుకున్నారన్నదానికే సర్వేలు పేరెత్తాను. ఏరుకోని బళ్ళ సంగతీ ఉంది. చికాగోలో 1990లలో ప్రభుత్వ ప్రాథమిక బళ్ళను ఆంథనీ బ్రైక్, బార్బరా ష్నైడర్ ఏళ్ళ తరబడి గమనించారు, 2002లో పుస్తకం రాశారు. టీచర్లకు టీచర్లతో, ప్రిన్సిపాలుతో, తల్లిదండ్రులతో ఉండే నమ్మకాన్ని వాళ్ళు కొలిచారు. నమ్మకం గట్టిగా ఉన్న బళ్ళలో రెండింటిలో ఒకటి చదవడంలోనూ లెక్కల్లోనూ మెరుగుపడింది. నమ్మకం బలహీనంగా ఉన్న బళ్ళలో ఏడింటిలో ఒకటే మెరుగుపడింది.

మాస్టారు: లెక్కలు చెప్పేవాణ్ణి, ఊరికే ఒప్పుకోను. బడి బాగుపడితే నమ్మకం పెరగదా? ఏది ముందు, ఏది వెనక?

హెడ్‌మిస్ట్రెస్: రెండూ ఒకదాన్నొకటి పెంచుతాయి. నమ్మకం ఒక్కటే చదువు చెప్పదని ఆ రచయితలే అన్నారు. కానీ అది లేని చోట కొత్త పుస్తకం ఇచ్చినా, శిక్షణ ఇచ్చినా గదిలోకి దిగదు. వాళ్ళు నమ్మకాన్ని నాలుగు విషయాల్లో చూశారు. ఒకరి మాట ఒకరు గౌరవంగా వినడం, పని తెలిసి ఉండటం, తోటి మనిషి మేలు కోరడం, అన్న మాట మీద నిలబడటం. మన స్టాఫ్ రూములో పెట్టి చూడండి. పిల్లకు జ్వరమని ఒక టీచరు సీఎల్ పెడితే ఆమె పీరియడు ఎవరు తీసుకుంటారు? ఆ పీరియడులో పాఠం జరుగుతుందా, లేక కాపలా ఒక్కటేనా? ఇవి చిన్న విషయాలు కావు, బడి నిలబడేది వీటి మీదే.

మాస్టారు: స్టాఫ్ రూము మాట ఎత్తారు కాబట్టి ఎవరూ మీటింగులో అననిది అంటాను. మనమంతా ఒకే కుటుంబం అని ప్రతి హెడ్‌మాస్టరూ అంటారు. కుటుంబంలో వంట ఎవరు చేస్తారో, పీట మీద ముందు ఎవరు కూర్చుంటారో మనకు తెలుసు. ఆగస్టు 15 వస్తే ముగ్గులూ దండలూ మహిళా టీచర్లకు, మైకు మగవాళ్ళకు. మాటవినని సెక్షను కొత్తగా డీఎస్సీలో వచ్చిన పిల్లకు, పదో తరగతి ‘ఎ’ సెక్షను సీనియర్లకు. మధ్యాహ్నం ఎవరు ఎవరితో కూర్చుని తింటారో చూస్తే సంఘాల లెక్కా, కులం లెక్కా రెండూ తెలిసిపోతాయి. గది ఊడవమని ఏ పిల్లలను పిలుస్తారో కూడా చూశాను. వీటి మీద నోరెత్తకుండా సానుకూల వాతావరణం అంటే, నోరెత్తేవాణ్ణి చెడ్డవాణ్ణి చేయడమే.

హెడ్‌మిస్ట్రెస్: మీరు చెప్పినదాంతో మొదలుపెట్టని బడికి సంస్కృతి గురించి మాట్లాడే హక్కు లేదు మాస్టారూ. నవ్వుతూ ఉండటం, పుట్టినరోజుకు కేకు కోయడం నేను సంస్కృతి అనుకోవడం లేదు. ఎవరికి ఏ సెక్షను, ఎవరికి ఏ డ్యూటీ అన్నది ఏ సూత్రం మీద ఇస్తున్నామో అందరికీ తెలియాలి, అది మారుతూ ఉండాలి. ఆయాను, వంట చేసే అక్కలను పిల్లల ముందు ఎలా పిలుస్తామో అదీ బడి పాఠమే. పెద్దవాళ్ళు ఒకరితో ఒకరు ఎలా ఉంటారో చూసి పిల్లలు నేర్చుకునేది సాంఘిక శాస్త్రం పుస్తకంలో నేర్చుకునేదానికంటే గట్టిగా నిలుస్తుంది. నేను ఈ బడికి న్యాయం కావాలంటున్నాను, ఇంపైన వాతావరణం దాని తర్వాతే వస్తుంది.

మాస్టారు: సరే, న్యాయమే మొదలుపెట్టారనుకుందాం. 2025లో వచ్చిన బదిలీల చట్టం ప్రకారం హెడ్‌మాస్టర్లకు ఐదేళ్ళు, టీచర్లకు ఎనిమిదేళ్ళు నిండితే కదలాల్సిందే. మీరు కట్టింది మీ తర్వాత ఉంటుందా? మీరున్నంతకాలం నడిచి, మీతోపాటు పోయేదాన్ని సంస్కృతి అనకూడదు, అది మీ మంచితనం మాత్రమే.

హెడ్‌మిస్ట్రెస్: అందుకే ఒక్కదాన్నే రాయకూడదంటున్నాను. నేను రాస్తే నాతో పోతుంది. అందరం వచ్చే ఏడాదే ఒకేసారి బదిలీ కాము. ప్రతి ఏడూ కొందరు పోతారు, కొందరు ఉంటారు. ఉన్నవాళ్ళు కొత్తవాళ్ళకు చార్జితోపాటు అలవాట్లనూ అప్పగించాలి. ఇక్కడ ఆరో తరగతి పిల్లలతో చదివిస్తాం, ఇక్కడ కొట్టం, ఇక్కడ డ్యూటీలు ఇలా పంచుకుంటాం అని కొత్త టీచరుకు మొదటి రోజునే చెప్పేది హెడ్‌మిస్ట్రెస్ కాకూడదు, తోటి టీచరు కావాలి. ఇక తల్లిదండ్రులు బదిలీ కారు. విద్యాహక్కు చట్టం బడి యాజమాన్య కమిటీలో 75 శాతం వాళ్ళే ఉండాలంది, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలంది.

మాస్టారు: ఆ కమిటీ తల్లులు వచ్చి సంతకం పెట్టి, టీ తాగి వెళ్తారు. పెట్టింది ఏ కాగితం మీదో వాళ్ళకు తెలియదు.

హెడ్‌మిస్ట్రెస్: ఎందుకంటే వాళ్ళకు తెలిసిన విషయం మనం వాళ్ళ ముందు ఎన్నడూ పెట్టలేదు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. అంతమంది ఒకే రోజు బడి గడప తొక్కడం మంచిదే. కానీ ఆ తల్లి ఇంటికి ఏం తీసుకెళ్ళింది? ‘బాగా చదివించండమ్మా’ అన్న మాటా? ఆమె కూతురు ఆమె ముందు ఒక పేజీ చదివితే, తను చదువుకోకపోయినా ఆమెకు తెలుస్తుంది, పిల్ల తడబడుతోందో లేదో. మూడు నెలల తర్వాత మళ్ళీ చదివించి చూపిస్తే బడి ఏం చేసిందో కూడా తెలుస్తుంది. అప్పుడు ఆ పని ఆపేయాలని వచ్చే హెడ్‌మాస్టరు అనుకున్నా ఆమె ఊరుకోదు.

మాస్టారు: ఇప్పుడు మీరు కాస్త నేల మీదికి వచ్చారు. నా షరతులు చెబుతాను. మొదటిది, లక్ష్యాలు మూడుకు మించకూడదు. ప్రతిదానికీ పిల్లల పేర్లతో జాబితా ఉండాలి, నేర్పిన టీచరు కాక ఇంకొకరు చదివించి చూడాలి. కొలవని మాట నేను నమ్మను. రెండోది, ఖాళీల మీద, చట్టం చెప్పని పనుల మీద సిబ్బంది అందరి సంతకాలతో మీరు పైకి రాయాలి. సంఘాలు వేరైనా ఆ కాగితం ఒకటే ఉండాలి. మూడోది, పాఠం మధ్యలో అప్‌లోడ్ చేయమని ఏ టీచరునూ గది నుంచి పిలవకూడదు. ఎంఈఓ గారు ఫోన్ చేసినా పీరియడు అయ్యాకే అని మీరు చెప్పగలగాలి. నాలుగోది, ఎవరు కాదన్నా ఆ మాట మినిట్స్ బుక్కులో ఉన్నదున్నట్టు రాయాలి.

హెడ్‌మిస్ట్రెస్: నాలుగూ ఒప్పుకుంటున్నాను. మూడోది అన్నిటికంటే నాకే కష్టం, అందుకే అది నా పేరు మీద మొదట రాద్దాం. సిబ్బంది కట్టుబడాలని అడిగే ముందు హెడ్‌మిస్ట్రెస్ దేనికి కట్టుబడుతుందో కాగితం మీద ఉండాలి. సమయం గురించి ఒక మాట. విద్యాహక్కు చట్టం షెడ్యూలు టీచరుకు వారానికి 45 గంటలంది, అందులో పాఠం తయారుచేసుకునే సమయం కూడా కలిసే ఉంది. వారంలో ఒక్క గంట ఆ లెక్కలోనే తీసి, కలిసి పాఠాలు తయారు చేసుకుందాం. అదనంగా ఇంటి సమయం ఎవరినీ అడగను.

మాస్టారు: ఇక మూడు లక్ష్యాలు?

హెడ్‌మిస్ట్రెస్: నా తరఫున ప్రతిపాదన మాత్రమే, మిగతావాళ్ళు మార్చవచ్చు. ఆరు, ఏడు తరగతుల్లో చదవలేని ప్రతి పిల్లకూ ప్రార్థన తర్వాత మొదటి పీరియడులో చిన్న గుంపులుగా చదివించడం. పీఈటీతో సహా అందరూ ఒక్కో గుంపు తీసుకోవాలి, అందరికంటే వెనకబడ్డ గుంపు నాది. రెండోది, ఏ గదిలోనూ బెత్తం, అవమానపు మాట ఉండకూడదు. పిల్ల తప్పు చేస్తే ఏం చేయాలో మెట్టు మెట్టుగా అందరం కలిసి రాసుకోవాలి. మూడోది, సెక్షన్లు, డ్యూటీలు అందరికీ తెలిసిన పద్ధతిలో వంతులవారీగా.

మాస్టారు: మొదటిదాన్ని లెక్కల టీచరుగా కూడా ఒప్పుకుంటాను, చదవడం వస్తేనే నా లెక్కా వస్తుంది. ఆరో తరగతి ‘బి’లో ఒక గుంపు నాకు రాయండి. రెండోదానికి మీటింగులో గొడవ జరుగుతుంది, జరగనివ్వండి. ఓటు పెట్టి తేల్చకండి. కొట్టేవాళ్ళ భయం కూడా వినండి, అరవై మంది ఉన్న గదిలో వాళ్ళూ దిక్కుతోచకే బెత్తం పట్టుకుంటున్నారు. మూడోదానికి నా పదో తరగతి ‘ఎ’ సెక్షను నేను వదులుకోవాల్సి వస్తుందని తెలుసు. వదులుకుంటాను.

హెడ్‌మిస్ట్రెస్: అంటే నాతో ఏకీభవించినట్టేనా?

మాస్టారు: కాదు మేడమ్. పోస్టులు నింపని ప్రభుత్వానికి మన ఐకమత్యం ఒక సాకు కాకూడదన్న భయం నాకు పోలేదు, పోదు కూడా. ఆ మాట ప్రతి మీటింగులోనూ అంటాను. కానీ ఆ పోస్టు వచ్చేదాకా ఈ పిల్లలు ఆగలేరు. ఈ ఏడు ఆరో తరగతిలో ఉన్నవాడికి వచ్చే ఏడు ఆరో తరగతి ఉండదు. ఫార్మేటివ్ పరీక్షలు అయ్యాక ఆ జాబితా తెచ్చి స్టాఫ్ మీటింగులో పెట్టండి. ఎన్ని పేర్లు జాబితా నుంచి తీసేశామో అందరి ముందూ నేనే అడుగుతాను.

హెడ్‌మిస్ట్రెస్: అడగండి. ఎజెండాలో అదే మొదటి అంశంగా రాస్తున్నాను. ఆ ప్రశ్నకు ముందుగా నేనే జవాబు చెబుతాను.